మీ మినీ ఎక్స్‌కవేటర్ రబ్బరు ట్రాకులు: కాపాడుకోవడం, మార్చుకోవడం

ఊరి బయట నాలుగైదు ఎకరాలు కొనుక్కుని చిన్న తోట, చెరువు, షెడ్డు వేసుకుంటున్న తెలుగు కుటుంబాలు నాకు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. స్థలం కొన్న మొదటి ఏడాది మట్టి పనికి కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ చూసి గుండె గుభేల్‌మంటుంది. అద్దెకు మిషన్ తెచ్చుకుంటే పోలా అనుకుంటాం. నాలుగు సార్లు అద్దె కట్టాక, పాతది ఒకటి కొనేస్తే పోలా అనుకుంటాం. నేను ఆ రెండో మాట దాకా వెళ్ళి, డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా స్థలం కోసం మూడున్నర టన్నుల పాత మినీ ఎక్స్‌కవేటర్ కొన్నాను. ఇంజిన్ చూశాను, హైడ్రాలిక్ గొట్టాలు చూశాను, గంటల మీటర్ చూశాను. కింద ఉన్న రబ్బరు ట్రాకుల వైపు మాత్రం సరిగా చూడలేదు. ఆ నిర్లక్ష్యం నాకు ఒక ట్రాకు జత ఖరీదు నేర్పింది, కొద్దిలో ఒక చేతిని కూడా తీసుకుపోయేది. అందుకే ఈ వ్యాసం.

మన ఊళ్ళలో బకెట్ ఉన్న ప్రతి పసుపు బండినీ జేసీబీ అంటాం, గొలుసు చక్రాల మీద నడిచేదాన్ని ప్రొక్లెయిన్ అంటాం. రెండూ కంపెనీల పేర్లే. ఇక్కడ ఇళ్ళ దగ్గర వాడేవి ప్రధానంగా రెండు రకాలు. తవ్వడానికి మినీ ఎక్స్‌కవేటర్, మట్టి ఎత్తి చదును చేయడానికి కాంపాక్ట్ ట్రాక్ లోడర్. ఈ రెండింటికీ ఇనుప గొలుసు బదులు సాధారణంగా రబ్బరు ట్రాకులే ఉంటాయి. అవి పచ్చికను, డ్రైవ్‌వేను తక్కువగా పాడు చేస్తాయి, బరువును ఎక్కువ నేల మీద పరుస్తాయి కాబట్టి బురదలోనూ నడుస్తాయి. గోదావరి జిల్లాల్లో తడి చేలల్లో వరి కోసే చైన్ మిషన్లు దిగబడకుండా నడిచేదీ ఇదే సూత్రం మీద.

ట్రాకు లోపల ఏముంది

పైకి రబ్బరు బెల్టులా కనిపిస్తుంది గానీ, బలమంతా లోపలి ఉక్కుదే. ట్రాకు పొడవునా సన్నని ఉక్కు తీగల పేటలు ఉంటాయి. సాగకుండా పట్టి ఉంచేవి అవే. అడ్డంగా, సమాన దూరంలో ఉక్కు దిమ్మెలు ఉంటాయి. వెనక ఉండే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, ఈ దిమ్మెల మధ్య ఖాళీల్లో పళ్ళు పెట్టి ట్రాకును లాగుతుంది. ముందు ఉండే నున్నటి చక్రం ఐడ్లర్. మధ్యలో బరువు మోసేవి రోలర్లు. ఐడ్లర్‌ను ముందుకు నెట్టి ట్రాకును బిగువుగా ఉంచేది గ్రీజు నిండిన ఒక సిలిండర్. దీన్నే ట్రాక్ టెన్షనర్ అంటారు. కొన్ని లోడర్లలో స్ప్రాకెట్ పైన ఉండి ట్రాకు త్రికోణంలా కనిపిస్తుంది. కొన్ని రకాల్లో ఉక్కు దిమ్మెలు లేకుండా రబ్బరు పళ్ళే ఉంటాయి. మీ మిషన్ ఏ రకమో మాన్యువల్ చూసి తెలుసుకోండి.

మన ట్రాకులు ఎందుకు పాడవుతాయి

మంచి ట్రాకులు సుమారు 1,200 నుంచి 1,600 గంటలు వస్తాయని ఈ వ్యాపారంలో వాళ్ళు చెప్పే మాట. నేల, నడిపే తీరును బట్టి అది సగానికి పడిపోవచ్చు, ఇంకా పెరగనూ వచ్చు. రోజూ పని చేసే కాంట్రాక్టర్‌కు ఈ లెక్క సరిపోతుంది. మన సంగతి వేరు. వారాంతాల్లో వాడే మనం ఏడాదికి 80 గంటలు నడిపితే గొప్ప. ఆ లెక్కన 1,200 గంటలకు 15 ఏళ్ళు పట్టాలి. అంతకాలం ఎండలో ఉంటే ఏ రబ్బరైనా ఎండి పగులుతుంది. అంటే మనలాంటి వాళ్ళ ట్రాకులు పనితో అరిగిపోవడం తక్కువ. ఊరికే నిలబడి, మట్టి పట్టి, ఎవరూ చూడక వదులై పాడైపోవడమే ఎక్కువ. అది మన చేతిలో ఉన్న పని.

ఉదాహరణకు ట్రాకు జత 2,400 డాలర్లు అనుకుందాం. 1,200 గంటలు వస్తే గంటకు 2 డాలర్లు పడింది. 400 గంటలకే పోతే గంటకు 6 డాలర్లు. డీజిల్ ధర గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

పని అయ్యాక పది నిమిషాలు

టెక్సస్ నల్లమట్టి మన నల్లరేగడికి వరసకు తమ్ముడే. తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఎండితే రాయి అవుతుంది. స్ప్రాకెట్ చుట్టూ, రోలర్ల మధ్య ఆ మట్టి గట్టిపడితే ట్రాకు అవసరానికి మించి బిగుసుకుంటుంది, రోలర్లు తిరగడం మానేస్తాయి. తిరగని రోలర్ ఒక పక్కే అరిగి ట్రాకును కోస్తుంది. షికాగో, మినియాపోలిస్ లాంటి చలి ఊళ్ళలో ఇంకో చిక్కు. సాయంత్రం అంటుకున్న బురద రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున్నే బలవంతంగా కదిపితే ట్రాకు దెబ్బతింటుంది. అక్కడివాళ్ళు శుభ్రం చేశాక చెక్క పలకల మీద నిలపడం మంచిది.

చిన్నప్పుడు మా ఊళ్ళో వరికోతలకు వచ్చిన చైన్ మిషన్ డ్రైవర్ రోజూ చీకటిపడ్డాక కూడా పార పట్టుకుని చైన్ కింద మట్టి గీకుతూ కూర్చునేవాడు. ఇంత రాత్రి ఈ పనేమిటని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, సన్నని పారతో మట్టి గీకండి. వీలైతే నీళ్ళతో కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే రోలర్ల చివర సీళ్ళ మీదికి నేరుగా కొట్టొద్దు. ఎరువు, ఉప్పు, డీజిల్, నూనె పడితే అదే రోజు కడిగేయండి. ఇవి రబ్బరుకు, లోపలి ఉక్కుకు శత్రువులు.

శుభ్రం చేస్తూనే నాలుగు విషయాలు చూడండి. రబ్బరులో లోతైన కోతలు, ఎక్కడైనా బయటపడిన ఉక్కు తీగ, రోలర్ల దగ్గర నూనె చెమ్మ, వదులైన బోల్టులు. మిషన్ వాడకపోయినా రెండు మూడు వారాలకోసారి కాస్త ముందుకీ వెనక్కీ నడపండి. నీడలో పెట్టండి. షెడ్డు లేకపోతే ట్రాకుల మీద టార్పాలిన్ కప్పినా మేలే.

బిగువు చూడటం

మరీ బిగిస్తే ఉక్కు తీగలు అలిసిపోతాయి, స్ప్రాకెట్, బేరింగులు త్వరగా అరుగుతాయి, ఇంజిన్ శక్తి కూడా వృథా అవుతుంది. మరీ వదిలేస్తే మలుపులో ట్రాకు ఊడి వస్తుంది. నడుస్తుంటే స్ప్రాకెట్ దగ్గర టకటకమని పళ్ళు ఎగిరిన చప్పుడు వస్తే వదులైందని అర్థం.

మినీ ఎక్స్‌కవేటర్‌లో చూసే పద్ధతి ఇది. గట్టి, సమమైన నేల మీద మిషన్ ఆపి, పై భాగాన్ని పక్కకు 90 డిగ్రీలు తిప్పండి. బకెట్ అడుగు భాగం నేలకు ఆనించి బూమ్‌తో నొక్కితే ఆ వైపు ట్రాకు లేస్తుంది. లేచిన ట్రాకును కాసేపు ముందుకు తిప్పి అంటిన మట్టి రాల్చండి. తర్వాత ఫ్రేమ్ కింద బలమైన చెక్క దిమ్మెలు పెట్టి, బరువు వాటి మీద ఆనాక ఇంజిన్ ఆపండి. గుల్ల సిమెంట్ బ్లాకులు పెట్టొద్దు, అవి హఠాత్తుగా పగులుతాయి. కేవలం హైడ్రాలిక్ మీద నిలిచిన మిషన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు. ఇప్పుడు మధ్య రోలర్‌కూ, కింద వేలాడే ట్రాకు లోపలి అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. చాలా చిన్న మోడళ్ళలో ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలంటారు. లోడర్లలో కొలిచే చోటు, అంకె రెండూ మారతాయి. చివరి మాట మీ మాన్యువల్‌దే. కొన్ని ట్రాకుల మీద అతుకు దగ్గర ∞ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడ ఉండగా కొలవాలో కూడా మాన్యువల్ చెబుతుంది.

వదులుగా ఉంటే ట్రాకు ఫ్రేమ్ పక్కన చిన్న మూత తీసి, లోపలి నిప్పల్‌కు గ్రీజ్ గన్ పెట్టి గ్రీజు ఎక్కించండి. కొలుస్తూ ఎక్కించండి. కొన్ని మిషన్లలో గ్రీజు బదులు పెద్ద స్క్రూ ఉంటుంది. మామూలుగా 50 గంటలకోసారి బిగువు చూడాలి. కొత్త ట్రాకులు వేసిన తొలి రోజుల్లో ఇంకా తరచుగా చూడాలి, ఎందుకంటే అవి మొదట్లో కొంచెం సర్దుకుంటాయి.

గ్రీజు వాల్వ్ దగ్గర జాగ్రత్త

నేను భయపడింది ఇక్కడే. కొన్న తొలి వేసవిలో చెరువు గట్టు మీద పక్కకు తిరుగుతుంటే ట్రాకు ఊడింది. దాన్ని ఎక్కించాలంటే ముందు టెన్షనర్ వదులు చేయాలి. వీడియో ఒకటి సగం చూసి, వాల్వ్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని రెంచితో తిప్పాను. కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాను. ఒక్కసారిగా గ్రీజు నా చొక్కా చేతిని రాసుకుంటూ వెళ్ళి వెనకున్న కంచెకు తగిలింది. నాలుగు అంగుళాలు ఇటు జరిగి ఉంటే నా ముంజేయి అక్కడ ఉండేది. పక్కనే నీళ్ళ సీసా పట్టుకుని మా అబ్బాయి నిలబడి ఉన్నాడు.

ఆ సిలిండర్‌లో గ్రీజు చదరపు అంగుళానికి వేల పౌండ్ల ఒత్తిడిలో ఉంటుంది. సూది బెజ్జమంత సందులోంచి వచ్చినా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకని ఈ నియమాలు ఇంట్లో అందరికీ చెప్పండి:

వాల్వ్‌కు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. ముఖం, చేతులు, ఒళ్ళు దాని దారిలో ఉండకూడదు.

కళ్ళద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. తొడుగులు ఆ ఒత్తిడిని ఆపవు, వాటి ధైర్యంతో చెయ్యి అడ్డు పెట్టొద్దు.

వాల్వ్‌ను నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తిప్పండి. మాన్యువల్ చెప్పినదానికి మించి తిప్పొద్దు, పూర్తిగా ఊడదీయొద్దు. గ్రీజు రాకపోతే దాన్ని విప్పి చూడాలని ప్రయత్నించకుండా మెకానిక్‌ను పిలవండి.

గ్రీజు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడొద్దు.

పిల్లలు, చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు దూరంగా ఉండాలి.

ఒకవేళ గ్రీజు చర్మంలోకి పోతే పైకి చిన్న చుక్క మాత్రమే కనిపించవచ్చు. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఐస్ పెట్టి రేపు చూద్దాం అనుకోవద్దు. గంటల్లో వేలు, చెయ్యి కోల్పోయే పరిస్థితి రావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళి, ఇది హై ప్రెషర్ ఇంజెక్షన్ ఇంజరీ అని ఆ మాటల్లోనే చెప్పండి. గ్రీజు డబ్బా వెంట తీసుకెళ్ళండి. దీనికి తరచూ అత్యవసర శస్త్రచికిత్స కావాలి.

నడిపే తీరు

ఒక ట్రాకు ముందుకు, ఇంకోటి వెనక్కి తిప్పి ఉన్నచోటే గిర్రున తిరగడం సరదాగా ఉంటుంది గానీ, కాంక్రీటు మీద, గులకరాళ్ళ మీద అది రబ్బరును ఆకురాయిలా గీకుతుంది. కారు మలుపులా కాస్త ముందుకూ వెనక్కూ వెళ్ళి తిరగండి. రోడ్డు అంచు ఎక్కాల్సి వస్తే నేరుగా ఎక్కండి. ఒక ట్రాకు అంచు మీద, రెండోది కింద పెట్టి పొడవునా నడిపితే పక్క రబ్బరు చీలుతుంది. వాలులో నిటారుగా పైకీ కిందికీ వెళ్ళండి, అడ్డంగా తిరగొద్దు. నా ట్రాకు ఊడింది సరిగ్గా అలాగే. ఎక్స్‌కవేటర్‌తో దూరం నడిపేటప్పుడు స్ప్రాకెట్ వెనక ఉండేలా చూసుకోండి. క్యాబిన్ వెనక్కి తిరిగి ఉంటే తెలియకుండానే రివర్స్‌లో నడుపుతుంటాం. కూల్చిన కాంక్రీటు, ఇనుప చువ్వలు, పదునైన సున్నపురాయి మీద అవసరానికి మించి తిరగొద్దు.

ఎప్పుడు మార్చాలి

పైన సన్నని పగుళ్ళు కనిపించినంత మాత్రాన మార్చక్కర్లేదు. ఉక్కు తీగలు బయటపడితే మాత్రం నీళ్ళు దిగి తుప్పు పట్టి, ఎప్పుడో పని మధ్యలో తెగుతాయి. ఉక్కు దిమ్మెలు ఊడిపోయినా, విరిగినా మార్చాలి. కొత్తగా ఉన్నప్పుడు సుమారు అంగుళం ఎత్తుండే రబ్బరు పళ్ళు మూడో వంతుకు దిగితే బురదలో పట్టు దొరకదు. టెన్షనర్ చివరిదాకా బిగించినా వదులుగానే ఉంటే ట్రాకు సాగిందో, స్ప్రాకెట్ అరిగిందో చూడాలి. స్ప్రాకెట్ పళ్ళు కొక్కెంలా వంగి మొనతేలితే దాని పని అయిపోయింది. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త ట్రాకు వేస్తే అది కొత్తదాన్ని కూడా త్వరగా తినేస్తుంది. ట్రాకులు రెండూ ఒకేసారి మార్చడం మంచిది. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే మిషన్ ఒక పక్కకు లాగుతుంది.

కొనేటప్పుడు

ట్రాకు లోపలి వైపు మూడు అంకెలు ఉంటాయి. 320×86×49 అని ఉంటే వెడల్పు 320 మిల్లీమీటర్లు, ఒక ఉక్కు దిమ్మె నుంచి ఇంకోదానికి దూరం 86 మిల్లీమీటర్లు, మొత్తం దిమ్మెలు 49. చివరి రెండూ గుణిస్తే చుట్టుకొలత, 4,214 మిల్లీమీటర్లు. అంకెలు అరిగిపోతే కొలిచి, లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. అంకెలు ఒకటే అయినా రోలర్ నడిచే దారి వెడల్పు, ఇరుకు అని తేడా ఉండే సైజులున్నాయి. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడు మిషన్ మోడల్, సీరియల్ నంబర్ రెండూ చెప్పండి.

కంపెనీ ట్రాకులు ఖరీదు. బయటి తయారీవి చవక, వాటిలో మంచివీ ఉన్నాయి. అడగాల్సింది రెండు ప్రశ్నలు. ఉక్కు తీగ అతుకు లేకుండా ఒకే పేటగా చుట్టిందా? వారంటీలో మొదటి ఏడాది తర్వాత ఎంత తగ్గిస్తారు? నమూనా మీ నేలను బట్టి ఎంచుకోండి. పచ్చిక మీద, గట్టి నేల మీద తిరిగేవారికి చదునైన దిమ్మెల నమూనా, బురదలో పనికి అడ్డపట్టీల నమూనా బాగుంటాయి. ఒక్కో ట్రాకు వందల పౌండ్ల బరువు. ఇంటికి పంపిస్తే లిఫ్ట్‌గేట్ ఉన్న ట్రక్ కావాలని ముందే చెప్పండి, లేకపోతే డ్రైవర్ ట్రక్ అంచు దాకా తెచ్చి చేతులు కట్టుకుంటాడు.

మార్చే క్రమం

ఇద్దరు కావాలి, సగం రోజు కావాలి. మిషన్‌ను బ్లేడు, బూమ్ సాయంతో లేపి దిమ్మెల మీద నిలపండి. పైన చెప్పినట్టు గ్రీజు వదలండి. ఐడ్లర్ వెనక్కి జరిగాక ట్రాకు వదులవుతుంది. ట్రాకుకూ ఫ్రేమ్‌కూ మధ్య మూడు బలమైన ఇనుప పైపులు పెట్టి, ట్రాకును నెమ్మదిగా వెనక్కి తిప్పితే పైపులు ఐడ్లర్ దగ్గరికి వచ్చి ట్రాకును పైకి ఎత్తుతాయి. అప్పుడు ఇంజిన్ ఆపి, పక్కకు లాగి తీయండి. ట్రాకు తిరుగుతున్నప్పుడు రెండోవాళ్ళు దూరంగా, డ్రైవర్‌కు కనపడేలా నిలబడాలి. చెయ్యి పెట్టాల్సిన ప్రతిసారీ ఇంజిన్ ఆగి ఉండాలి, తాళం చెయ్యి పెట్టేవాళ్ళ దగ్గరే ఉండాలి.

పాతది తీశాక రోలర్లను చేత్తో తిప్పి చూడండి. ఇంత సులభంగా చూసే అవకాశం మళ్ళీ రాదు. కొత్తది వేసేటప్పుడు బాణం గుర్తు ఉంటే దిశ సరిచూసి, ముందు స్ప్రాకెట్ పళ్ళకు పట్టించి, తర్వాత ఐడ్లర్ మీదికి ఎక్కించండి. గ్రీజు ఎక్కించి బిగువు పెట్టి, గాల్లోనే ముందుకీ వెనక్కీ తిప్పి, మళ్ళీ కొలవండి. ఇదంతా చదివి వద్దనిపిస్తే ఇంటికే వచ్చి చేసే మెకానిక్‌ను పిలవడంలో నామోషీ లేదు. రెండోసారి నేను పిలిచాను. ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నది వీడియోలో దొరకలేదు.

అద్దెకు తెచ్చేవారికి, పాతది కొనేవారికి

అద్దె ఒప్పందాల్లో డ్యామేజ్ వేవర్ కట్టినా టైర్లు, ట్రాకులు అందులోకి రావని చాలాచోట్ల రాసి ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేరా చదవండి. మిషన్ దిగగానే, తిరిగి ఇచ్చేముందు రెండు ట్రాకులనూ చుట్టూ ఫోటోలు తీసి ఉంచండి. గుడి స్థలం చదునుకో, సంఘం పిక్నిక్ మైదానానికో ఒకరి పేరు మీద తెచ్చి పదిమంది నడిపితే ఇది ఇంకా ముఖ్యం. బిల్లు వచ్చేది సంతకం పెట్టిన ఒక్కరికే.

పాతది కొంటుంటే ట్రాకు బాగుందన్న మాట నమ్మొద్దు. మట్టి కడిగించి, మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళ ఎత్తు, తీగలు, స్ప్రాకెట్, రోలర్లు చూడండి. కొత్త జత, స్ప్రాకెట్ల ధర అక్కడే ఫోన్‌లో తెలుసుకుని, ఆ మొత్తం బేరంలో తగ్గించమనండి. నేను ఆ రోజు ఈ పదిహేను నిమిషాలు పెట్టి ఉంటే, తొలి వేసవిలోనే ట్రాకులు కొనాల్సి వచ్చేది కాదు.

షెడ్డు తలుపు వెనక ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. తేదీ, గంటల మీటర్ అంకె, ట్రాకు ఖాళీ కొలత. అంతే రాస్తాను. మట్టి గీకే పని ఇప్పుడు మా అబ్బాయిది. తాళం నా జేబులో ఉందని ముందు నన్ను అడిగి, ఆ తర్వాతే పార పట్టుకుంటాడు.